ముందొచ్చినందుకు జరిమానా

పెద్దవాళ్ళు రిటైరయ్యాక జ్ఞాపకాలు రాస్తారు. అప్పటికి సగం మర్చిపోయి ఉంటారు కాబట్టి మిగతా సగం బ్రహ్మాండంగా వస్తుంది. నేను అంతదాకా ఆగలేను. నేను రిటైరయింది ఒక్క ఉద్యోగం నుంచే. మోకాళ్ళు రెండూ పనిచేస్తున్నాయి, జుట్టు ముప్పాతిక వంతు మిగిలుంది. అయినా ఇక్కడ ఈ ఎడారి ఊరు చాండ్లర్‌లో నా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ లంచ్‌కి కూర్చున్నప్పుడల్లా "అన్నా, ఆ మంచు ర్యాలీ కథ చెప్పవా" అంటారు. బయట పార్కింగ్ లాట్ ఉడుకుతుంటే మంచు మాట విన్నా చల్లగా ఉంటుందని కాబోలు. చెప్పిన ప్రతిసారీ కథలో కారు వేగం పెరిగిపోతోంది. ఇంకా పెరగకముందే రాసి పెడుతున్నాను.

ఒక సంగతి ముందే చెబుతున్నా. ఇందులో ఎవరికీ ఏమీ కాదు. ఒక్కరు మాత్రం వెల్లకిలా పడతారు. అదీ కార్లో కాదు, నిలబడి ఉండగా.

అప్పట్లో నేను మిషిగన్‌లో, నోవైలో ఉండేవాణ్ణి. కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ మాది. రోడ్డు జారుతున్నప్పుడు ఏ చక్రాన్ని ఎంత పట్టాలో, ఎప్పుడు వదలాలో చెప్పే ప్రోగ్రాములు. వినడానికి గొప్పగానే ఉంటుంది. పని మాత్రం ఏడాదంతా మీటింగులు, చలికాలంలో చలి. చలికాలం వచ్చిందంటే సరస్సుల మీది పెద్ద వంతెన దాటి ఉత్తరానికి పోయి, గడ్డకట్టిన సరస్సు మీద కారు నడిపి, బ్రేకు తొక్కి, జారి, ఎంత జారామో కొలుచుకుని, మళ్ళీ తొక్కి... మా శాస్త్రమంతా అదే.

ఆ టీమ్‌కి పెద్ద మేడం. మన తెలుగావిడే, గుంటూరు వైపు. నేను పుట్టకముందు నుంచీ బ్రేకుల మీద ఉన్నారు. చేరిన మొదటి రోజు, ఇంట్లో నేర్పిన మర్యాద కొద్దీ, నిండు మీటింగ్‌లో "నమస్తే ఆంటీ" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"బాబూ, ఆఫీసులో ఆంటీ అంటే రివ్యూలో కనబడుతుంది" అన్నారు.

ఆ రోజు నుంచి ఆవిడ నాకు మేడం. ఆవిడ భర్త మాత్రం అంకుల్. ఇదేం చుట్టరికమని అడక్కండి. వీసా మీద ఉన్నవాడు చుట్టరికాల గురించి వాదించడు.

అంకుల్ మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. జనాన్ని నిద్రపుచ్చి, టైముకి లేపడం ఆయన వృత్తి. సొంత విషయానికి వచ్చేసరికి అందులో మొదటి సగమే వచ్చు.

ఇంక మేడం సంగతి. ఉద్యోగంలో ఆవిడ తీసుకున్న జీతమంతా బ్రేకు తొక్కడానికే. సరదాకి యాక్సిలరేటర్ తొక్కుదామన్నా టెస్ట్ షీట్‌లో రాసిన వేగం దాటకూడదు. అందుకని ఆవిడకి ఒక కోరిక ఉండేది. ఎవరూ వేగం రాసి ఇవ్వని రోడ్డు మీద, మంచులో, ఒక ర్యాలీ మొదటి నుంచి చివరిదాకా నడపాలి. గెలవక్కర్లేదు. ఫినిష్ చేసినవాళ్ళ పేర్లు సాయంత్రం గోడకి అతికిస్తారు చూడండి, అందులో తన పేరుంటే చాలు. రెండు చలికాలాలు ప్రయత్నించారు. మొదటిసారి క్లచ్ పోయింది. రెండోసారి ఉప్మా వల్ల పోయింది.

ఉప్మా వల్ల అంటే నిజంగా ఉప్మా వల్లే. అది అర్థం కావాలంటే ర్యాలీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇది గ్రౌండ్ చుట్టూ గిరగిరా తిరిగే రేసు కాదు. అడవిలో కొన్ని రోడ్లు మూసేసి, ఒక్కొక్క కారునీ నిమిషం తేడాతో వదులుతారు. ఆ ముక్కకి స్టేజ్ అని పేరు. అక్కడ ఎంత వేగంగా పోతే అంత మంచిది. ఒక స్టేజ్ నుంచి ఇంకో స్టేజ్‌కి మాత్రం మామూలు రోడ్డు మీద, స్పీడ్ లిమిట్ పాటిస్తూ, పెళ్ళికెళ్ళేవాళ్ళలా పోవాలి. పోయి, వాళ్ళు రమ్మన్న నిమిషానికి టైమ్ కంట్రోల్ అనే చెక్‌పోస్టు దగ్గర, మన టైములు రాసే కార్డు ఇవ్వాలి. ఆలస్యమైతే పెనాల్టీ. ఆలస్యాలన్నీ కలిసి హద్దు దాటితే ఇంటికి పొమ్మంటారు.

ముందటేడు మధ్యాహ్నం సర్వీస్‌లో, అంటే బండీ మనుషులూ కాస్త ఊపిరి పీల్చుకునే విరామంలో, అంకుల్ క్యాంప్ స్టవ్ మీద ఉప్మా కలియబెట్టారు. చల్లారిన ఉప్మా తిని డ్రైవ్ చేస్తే కడుపునొప్పి వస్తుందని, డాక్టరు హోదాలో, వేడెక్కేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు. అప్పటి కో-డ్రైవర్, అంటే పక్కన కూర్చుని దారి చదివేవాడు, రెండోసారి పెట్టించుకున్నాడు. మంచు ఏమీ చెయ్యలేని కారుని జీడిపప్పు ఆపేసింది.

రూల్ పుస్తకంలో ఆలస్యం గురించి ఉన్న వాక్యం కింద ఇంకో వాక్యం కూడా ఉంది. మన జాతికి వర్తించేది కాదులే అని నేను పూర్తిగా చదవలేదు.

నేను ఇందులోకి ఎలా వచ్చానంటే, ఒకరోజు కాఫీ మెషీన్ దగ్గర మేడం అడిగారు.

"నీకు కార్లో చదివితే వాంతులవుతాయా?"

"అవ్వవు మేడం. నాలుగేళ్ళు కాలేజీ బస్సులో నిలబడి ల్యాబ్ రికార్డులు రాశాను. బొమ్మలతో సహా."

"ఇంకేం. నువ్వే నా కో-డ్రైవర్‌వి."

నా వీసా కాగితాల్లో ప్రత్యేక నైపుణ్యం అని రాసింది దీని గురించేనేమో.

అది ఆవిడ ఆఖరి అవకాశమని మా అందరికీ తెలుసు. ఆ చలికాలం అయిపోగానే మేడం రిటైర్మెంట్. మేం వాడే పాత టెస్ట్ కారుకి కూడా రిటైర్మెంటే. దానికి మాత్రం కేక్ కట్ చెయ్యరు, తుక్కుకి పంపుతారు. మా వర్క్‌షాప్ టెక్నీషియన్, ఆ ఉత్తరాది ఊళ్ళలోనే పుట్టి పెరిగిన తెల్లగడ్డం అమెరికన్, నెల రోజులు శనివారాలన్నీ దాని కింద పడుకుని బాగుచేశాడు. మా టీమ్‌లో ఇన్నేళ్ళుండి అతను నేర్చుకున్న తెలుగు మాట ఒకటే, "పదండి". మేం ఎక్కడికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు ఆ మాట అంటారని, అయినా ఎవరూ కదలరని అతను గమనించాడు.

ర్యాలీ రోజు తెల్లారింది. చలి ఎలా ఉందో వర్ణించను. ముక్కులో వెంట్రుకలు విడివిడిగా తెలుస్తున్నాయి, అంతే.

ఆ ర్యాలీ గొప్పదనమేమిటంటే సగం తారు, సగం మంచు. మొదటి మైళ్ళు నల్లగా, శుభ్రంగా తుడిచిన తారు రోడ్డు. అది అడవిలోకి తిరగ్గానే తెల్లటి మంచు. రెండిటికీ ఒకే రకం టైర్లు. మంచు టైర్లు వేసుకుని తారు మీద వేగంగా పోతే జున్ను మీద పరిగెత్తినట్టు ఉంటుంది. ముందు రోజే ఆ రోడ్లన్నీ మెల్లగా తిరిగి, మలుపులన్నిటికీ నంబర్లు వేసి రాసుకున్నాం. ఒకటి అంటే ఇంచుమించు వెనక్కి తిరగడం, ఆరు అంటే మలుపని కూడా తెలియదు. కారు ఎగురుతుంటే ఆ నంబర్లు మలుపు రాకముందే చదవడం నా పని. తెలుగులోనే చదివేవాణ్ణి. ప్రాణభయంలో ఇంగ్లీషు గ్రామర్ చూసుకోవడం నా వల్ల కాదు.

"ఎడమ నాలుగు... కుడి ఐదు, దిగుడు..."

"గట్టిగా చదువు! తద్దినం మంత్రంలా గొణుగుతావేం?"

"కుడి రెండు! జాగ్రత్త! మంచు మొదలు!"

"ఆ, అదీ!"

మేడం డ్రైవింగ్ గురించి ఒక్క మాట. అందరూ యాక్సిలరేటర్‌తో నడుపుతారు, ఆవిడ బ్రేకుతో నడుపుతారు. మలుపుకి చాలా ముందే, వేలికొసతో ఉప్పు రుచి చూసినట్టు, బ్రేకుని ఒకసారి తాకి చూస్తారు. రోడ్డు ఎంత జారుతోందో ఆ తాకిడికి తెలిసిపోతుంది. ఆ తర్వాత కారు తిరగడం నాకు పెద్దగా తెలిసేది కాదు. కళ్ళు కాగితం మీద ఉండటం కో-డ్రైవర్‌కి దేవుడిచ్చిన వరం.

మధ్యాహ్నానికి మా క్లాస్‌లో, అంటే మాలాంటి కార్ల గుంపులో, మేం మొదటి స్థానంలో ఉన్నాం. చప్పట్లు కొట్టేముందు వినండి. మా క్లాస్‌లో ఉన్నవి మూడు కార్లు. ఒకటి పొద్దున స్టార్ట్ కూడా అవ్వలేదు. రెండోది ఆ ఊరి అన్నదమ్ములది, వాళ్ళకి టైరు పంక్చరయింది. ఆ అన్నదమ్ముల వృత్తి చలికాలమంతా ఆ కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండ్లు నడపడం. భారీ మనుషులు, ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవారు. వాళ్ళ కారు లోపల ఇద్దరూ కూర్చున్నాక గాలికి చోటు ఎక్కడుందో నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం సర్వీస్ ఒక స్కూల్ పార్కింగ్ లాట్‌లో. అంకుల్ తలకి మంకీ క్యాప్, చేతిలో పులిహోర డబ్బా, ఫ్లాస్కు. స్టవ్ లేదు. స్టవ్‌ని టెక్నీషియన్ పొద్దునే తన వ్యాన్‌లో పెట్టి తాళం వేసుకున్నాడు.

"చల్లటి పులిహోర తింటే ఏమవుతుందో తెలుసా?" అన్నారు అంకుల్.

"ఫినిష్ చేస్తాం" అన్నారు మేడం.

"పదండి! పదండి!" అని టెక్నీషియన్ అరుస్తూనే ఉన్నాడు. నేను బాత్రూమ్‌కి పరిగెత్తి, వచ్చి, నోట్లో పులిహోరతో బెల్టులు బిగించుకున్నాను. అంకుల్ అప్పుడే కారు అద్దం లోపలి వైపు తుడిచి దిగుతున్నారు. "క్లీన్‌గా ఉంటే చూపు బాగా ఆనుతుంది" అన్నారు. అద్దం కింద డ్యాష్‌బోర్డుకి అతికించిన మా గడియారం ఉంది. దాని సంగతి తర్వాత.

అక్కడి నుంచి చివరి స్టేజ్‌కి పొడుగాటి మామూలు రోడ్డు. బయల్దేరిన కాసేపటికి నేను టైములు రాసుకున్న షీట్ చూశాను, గడియారం చూశాను.

"మేడం, మనం లేటయ్యేలా ఉన్నాం."

"అదెలా? తినీ తినక బయల్దేరాం కదా!"

"తెలీదు మేడం. ఒక్క నిమిషం కూడా మిగల్లేదు."

"ఎక్కడైనా ఆగితే?"

"ముందటేడు కథే."

స్టీరింగ్ మీద గ్లవ్స్ బిగుసుకున్నాయి. స్పీడ్ లిమిట్ దాటడానికి లేదు, పోలీసు పట్టుకుంటే అక్కడికక్కడే ర్యాలీ అయిపోతుంది. సరిగ్గా అప్పుడే ముందొక మంచు తోసే బండి చేరింది. రోడ్డంతా ఆక్రమించి, పెళ్ళి ఊరేగింపులా సాగుతోంది. దాని వెనక మేం. కొంత దూరానికి అది పక్కకి తిరిగింది. మేడం పళ్ళు బిగించి, సరిగ్గా లిమిట్ మీద, సూది కదలకుండా నడిపారు. నేను లోపల వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. ఏం మొక్కుకున్నానో చెప్పను, ఆ బాకీ ఇంకా తీరలేదు.

కంట్రోల్ దగ్గర పసుపు బోర్డు కనిపించింది. ఆ బోర్డు దాటామంటే వచ్చినట్టు లెక్క. మా గడియారం లెక్కకి సరిగ్గా నిమిషానికి దాటేశాం. కిటికీ దించి కార్డుని విసిరినంత పనిచేశాను.

అక్కడ పికప్ ట్రక్కులో హీటర్ వేసుకుని, నారింజ రంగు కోటులో ఒక పెద్దావిడ కూర్చున్నారు, ఒళ్ళో కుక్కపిల్ల. వాలంటీరు. కార్డు చూశారు. తన గడియారం చూశారు. మమ్మల్ని చూశారు. కుక్కపిల్ల కూడా మమ్మల్నే చూసింది.

"హనీ, మీరు తొందరగా వచ్చారు" అన్నారు ఆవిడ ఇంగ్లీషులో.

"థాంక్యూ!" అన్నాను.

"అది పొగడ్త కాదు."

అప్పుడు అర్థమైంది ఆ చదవని వాక్యం ఏమిటో. ముందొస్తే కూడా పెనాల్టీ. ఆలస్యానికి వేసే పెనాల్టీ దీని ముందు ముద్దు. ముందొచ్చిన ప్రతి నిమిషానికీ నిండు నిమిషం కలుపుతారు. మేం వచ్చింది ఇరవై నిమిషాలు ముందు.

జీవితంలో పెళ్ళికి గానీ, పేరంటానికి గానీ, ఆఖరికి వీసా ఇంటర్వ్యూకి గానీ ఇరవై నిమిషాలు ముందు వెళ్ళి ఎరగం. వెళ్ళిన ఒక్కసారీ జరిమానా.

"గడియారం పొద్దున సెట్ చేశావా?" అన్నారు మేడం.

"చేశాను మేడం. పొద్దున కంట్రోళ్ళన్నిటికీ కరెక్ట్‌గా ఉంది."

పెద్దావిడ గడియారంతో పోల్చి చూస్తే మాది పది నిమిషాలు ముందుంది. మేడం కళ్ళు మూసుకున్నారు.

"ఆయనే" అన్నారు.

"ఎవరు?"

"మీ అంకుల్. మా ఇంట్లో ప్రతి గడియారం పది నిమిషాలు ముందుంటుంది. పెళ్ళయినప్పటి నుంచీ ఇంతే. మైక్రోవేవ్‌ది కూడా. అద్దం తుడుస్తున్నారంటే అప్పుడే అనుమానం రావాల్సింది. ఇంట్లో ఏనాడైనా అద్దం తుడిచారా?"

"అది పదే కదా మేడం. ఇంకో పది?"

ఆవిడ కళ్ళు తెరిచి నా వైపు తిరిగారు. మిగిలిన పది నాది. ముందటేడు లంచ్ తర్వాతే కొంప మునిగిందని, మధ్యాహ్నం టైములన్నీ ముందు రోజే పది నిమిషాలు తగ్గించి రాసుకున్నాను. ఆ సంగతి పూర్తిగా మర్చిపోయాను. మర్చిపోవాలనే కదా అలా రాసుకునేది, గుర్తుంటే ఇంకేం ఉపయోగం? మాలో ప్రతివాడికీ మిగతావాళ్ళ ఆలస్యం మీద గట్టి నమ్మకం. ఎవడికి వాడు రహస్యంగా సాయం చేశాడు.

తిడతారనుకున్నాను. మేడం పకపకా నవ్వడం మొదలుపెట్టారు. హెల్మెట్ తీసి, స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వారు. కుక్కపిల్ల మొరిగింది.

"ఇండియన్ టైమ్ అని నన్ను ఆఫీసులో ఎంతమంది ఏడిపించారో! దీన్ని ఫ్రేమ్ కట్టించాలి" అన్నారు.

"మేడం, మొదటి ప్లేసు పోయింది."

"పోతే పోయింది. అడిగామా? ఇంటికి పొమ్మనలేదు కదా. ఫినిష్ చెయ్యొచ్చు కదా?"

"చెయ్యొచ్చు."

"అయితే ఫ్లాస్కు తియ్యి."

ఆవిడ ఉద్యోగ జీవితంలో పని లేని ఇరవై నిమిషాలు దొరకడం అదే మొదటిసారి అనుకుంటా. పెద్దావిడకి టీ పోశాం. అల్లం ఘాటుకి ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి, ఇంకో కప్పు అడిగారు. చెట్ల వెనక్కి ఎండ దిగిపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కాయని మేడం కంట్రోల్ ముందు నాలుగడుగులు వేద్దామని కప్పు చేత్తో పట్టుకునే బయల్దేరారు. మూడో అడుగుకి మాయమయ్యారు.

పరిగెత్తుకెళ్ళి చూస్తే రోడ్డు మీద వెల్లకిలా ఉన్నారు. కప్పులో టీ కూడా ఒలకలేదు.

"మేడం! దెబ్బ తగిలిందా?"

"ష్... ఉండు." పడుకునే గ్లవ్ తీసి, అరచేతిని రోడ్డు మీద ఆనించారు. అరిటాకు శుభ్రంగా ఉందా లేదా అని చూసే మనిషిలా అటూ ఇటూ రాశారు. "ఇది తారు కాదు. అద్దం. పొద్దున కరిగిన నీళ్ళన్నీ ఎండ పోగానే పేరుకున్నాయి. పైకి తారులాగే నల్లగా కనబడుతుంది. నోట్స్‌లో ఏముంది మొదటి మలుపుకి?"

"కుడి ఐదు, తారు, బ్రేకు అక్కర్లేదు."

"మార్చు. తారు అన్నచోటల్లా మంచు అని చదువు. మంచు అన్నచోట మంచే."

ఆవిణ్ణి లేపుతుంటే అన్నదమ్ముల కారు వచ్చింది, సరిగ్గా వాళ్ళ నిమిషానికి. స్టేజ్‌లో వాళ్ళు మా ముందు వెళ్ళాలి. మేడం నడుం పట్టుకుని కుంటుతూ వెళ్ళి వాళ్ళ కిటికీ కొట్టారు. ముందంతా ఐస్ ఉంది, చూసుకోండి అన్నారు.

అన్నగారు ఎంతో ప్రేమగా నవ్వాడు. "మేడం, ఈ రోడ్డు మీద పొద్దున ఉప్పు చల్లింది మేమే" అన్నాడు.

"చలి ఇంత దిగితే ఉప్పు పనిచెయ్యదు" అన్నారు మేడం.

"మా ఉప్పు పనిచేస్తుంది" అన్నాడు తమ్ముడు. సొంత వంట గురించి మాట్లాడే మగాడి గొంతు అది. ఇంకేం వాదిస్తాం?

వాళ్ళు వెళ్ళారు. నిమిషం తర్వాత మేం. బయల్దేరగానే మేడం బ్రేకుని అలా తాకారు, కారు సబ్బుబిళ్ళలా పక్కకి జరిగింది. "ఊఁ" అన్నారు. అంతే. ఆ తర్వాత నా జీవితంలో అతి నెమ్మదైన రేసు మొదలైంది.

"మంచు, కుడి ఐదు... మంచు, ఎడమ నాలుగు..."

"గట్టిగా!"

"మంచు, కుడి మూడు, దిగుడు..."

ఆ దిగుడులో, మేం ఎంత నెమ్మదిగా వెళ్ళినా, కారు వెనక భాగం ముందుకు రావాలని సరదా పడింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు పొడుగ్గా కనిపించాలి, అడ్డంగా కనిపించింది. నా నోట్లోంచి ఒక కేక వచ్చింది.

"ఆంటీ!"

"నోట్స్‌లో ఉన్నది చదువు!" అని, బ్రేకు వదిలి, పట్టి, వదిలి, కారుని మళ్ళీ రోడ్డు వెంట నిలబెట్టారు. మా కంపెనీ సాఫ్ట్‌వేర్ చేసే పని అదే. కాకపోతే దానికి నవ్వు రాదు, ఆవిడ నవ్వుతూ చేశారు.

ఆ మలుపు దాటగానే కుడి పక్క మంచు గోడలో ఒక పెద్ద కన్నం. అందులోంచి అన్నదమ్ముల కారు వెనక లైట్లు కనబడుతున్నాయి. ఇద్దరూ బయటే నిలబడి, అంతా క్షేమం అని రాసున్న అట్ట ఎత్తి పట్టుకున్నారు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపారు, ఇంకా నవ్వుతూనే. ఆ మంచు గోడ కూడా వాళ్ళు కట్టిందే. పొద్దున రోడ్డు మీది మంచంతా తోసి, ఒత్తి, గట్టిగా పేర్చారు. మంచి పనివాళ్ళు, గోడ ఎక్కడా కూలలేదు.

స్టేజ్ అయిపోయింది. అక్కడి నుంచి కాస్త దూరంలో ఊళ్ళో ఆఖరి కంట్రోల్, దాన్ని దాటితే ఫినిష్ తోరణం. పసుపు బోర్డు అల్లంత దూరాన ఉండగానే మేడం కారు పక్కకి తీసి ఆపేశారు.

"ఏమైంది మేడం?"

"ఈసారి ఒక్క నిమిషం ముందు కూడా వెళ్ళను."

అలా కూర్చున్నాం. అవతల వాలంటీర్లు రండి రండి అని చేతులు ఊపుతున్నారు. మేం వెళ్ళలేదు. ఒకాయన నడిచొచ్చి బండి చెడిపోయిందా అని అడిగాడు. లేదు, మేం తెలుగువాళ్ళం అన్నాను. అర్థమైనట్టు తలూపి వెళ్ళిపోయాడు. మా టైము కార్డులో చూసి, పెద్దావిడ గడియారాన్ని బట్టి దిద్దుకున్న మా గడియారంలో చూసి, సరిగ్గా రావాల్సిన నిమిషానికి మేడం కారు కదిపారు. బోర్డు దాటాం, కార్డు ఇచ్చాం, తోరణం కిందకి వచ్చాం. టెక్నీషియన్ గడ్డమంతా మంచుతో పరిగెత్తుకొచ్చి కారు బానెట్‌ని వాటేసుకున్నాడు. మేడం దిగి చుట్టూ చూశారు.

"ఆయనేరీ?"

అంకుల్ లేరు.

ఆయన పావుగంట తర్వాత చేతిలో పూలగుత్తితో, కెమెరాతో, మంకీ క్యాప్ చెదిరిపోయి వచ్చారు. ఎందుకు లేటయిందని అడిగితే దాచలేదు పాపం. "ఏం లేదోయ్, నా వాచీ కూడా మీ గడియారంలాగే పది నిమిషాలు ముందుందని నాకు తెలుసు కదా. నెమ్మదిగా బయల్దేరినా సరిపోతుందనుకున్నాను."

గడియారాన్ని ముందుకు తిప్పేవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. లోకమంతా వాళ్ళ గడియారాన్ని నమ్ముతుంది, వాళ్ళు తప్ప.

"ఏవండీ, మీ వల్ల మనకి పది నిమిషాల పెనాల్టీ పడింది, తెలుసా?" అన్నారు మేడం.

అంకుల్ ముఖం వాడిపోయింది. "అయ్యో. అయితే పోయినట్టేనా? మళ్ళీ?"

మేడం ఆయన్ని కాసేపు అలా ఉంచారు. ఒక పది సెకన్లు. ఆ మాత్రం హక్కు ఉంటుంది కదా. తర్వాత ఆయన మంకీ క్యాప్ సరిచేసి, "ఫినిష్ చేశామండీ" అన్నారు.

ఆయన పూలగుత్తిని నాకిచ్చేసి ఆవిణ్ణి పట్టుకున్నారు. నేను చలికి కళ్ళు తుడుచుకున్నాను. చలికే.

ఫోటో లేదు కదా అని అంకుల్ గోల. తోరణం దగ్గరి వాలంటీర్లు జాలిపడి, కావాలంటే ఇంకోసారి రమ్మన్నారు. కారు వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ ఫినిష్ చేశాం. మొదటిసారి ఆయనకి ఫ్లాష్ పడలేదు. ఇంకోసారి. ఆ రోజు ఆ ర్యాలీని మూడుసార్లు ఫినిష్ చేసింది మేమొక్కళ్ళమే.

సాయంత్రం స్కూల్ జిమ్‌లో గోడకి పేర్లు అతికించారు. అన్నదమ్ముల కారుని జనం పారలతో తవ్వి తీశారట. వాళ్ళు గోడలో గడిపిన టైము కన్నా మా తొందరకి పడిన జరిమానా ఇంచుక ఎక్కువైంది. వాళ్ళు మొదటి స్థానం, మేం రెండో స్థానం, మిగిలిన కార్లు రెండు. అన్నగారు వచ్చి మేడంకి షేక్‌హ్యాండ్ ఇచ్చి, "ఉప్పు విషయంలో మీరే కరెక్ట్" అన్నాడు. తమ్ముడు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

మేడం ఆ జాబితా ముందు చాలాసేపు నిలబడ్డారు. పేరులో రెండక్షరాలు తప్పు రాశారు. దిద్దించమంటారా అని అడిగాను.

"వద్దు. ఎవరికైనా తెలుస్తుంది, ఇంత పొడుగు పేరు ఇక్కడ ఇంకెవరికుంది?" అన్నారు. తర్వాత, గోడ వైపే చూస్తూ, "అన్నట్టు ఆ దిగుడులో నన్నేమని పిలిచావు?" అన్నారు.

"ఏమీ లేదు మేడం."

"నాకు వినబడింది. రివ్యూలో చూసుకుందాం."

రివ్యూ రాలేదు. రాకముందే ఆవిడ రిటైరయ్యారు. ఫేర్‌వెల్ రోజు టీమ్ అంతా కలిసి ఒక గోడ గడియారం ఇచ్చాం, ఇంకేం ఇస్తాం? కారు తుక్కుకి పోయింది, దాని డ్యాష్‌బోర్డు గడియారం మాత్రం టెక్నీషియన్ పీకి నాకిచ్చాడు. చాండ్లర్‌లో నా డెస్క్ మీద ఉన్నది అదే. కొత్తవాళ్ళకి నా సలహా ఏమైనా ఉందా అంటే, లేదు. రూల్ పుస్తకంలో రెండో వాక్యం కూడా చదవండి. అంతే.

పోయిన డిసెంబర్‌లో పని మీద డెట్రాయిట్ వెళ్ళి, నోవైలో వాళ్ళింటికి భోజనానికి పోయాను. ఏడింటికి రమ్మన్నారు, సరిగ్గా ఏడింటికి బెల్ కొట్టాను. హాల్లో మా మూడో ఫినిష్ ఫోటో ఉంది. అందులో మేడం నవ్వుతున్నారు, నేను కళ్ళు మూసుకున్నాను. దాని పక్కనే మేం ఇచ్చిన గోడ గడియారం. అంకుల్ దాన్ని చూసి, చెయ్యి కడుక్కోమని తొందరపెట్టారు.

"పది నిమిషాలు లేటుగా వచ్చావురా అబ్బాయ్. ఉప్మా చల్లారిపోతోంది."

"రోడ్ల మీద మంచుంది ఆంటీ" అన్నాను, మేడం వైపు చూసి.

ఈసారి ఆవిడ రివ్యూ ఊసెత్తలేదు. జీడిపప్పులన్నీ ఏరి నా ప్లేట్‌లో వేశారు.